ముంజేతి పచ్చబొట్టు తీయించుకోవాలి: లేజరా, కోతా, మరో బొమ్మతో కప్పించుకోవడమా?

తొలకరి

సభ్యులందరికీ నమస్కారం. నా ఎడమ ముంజేతి లోపలి వైపు అరచేయంత పచ్చబొట్టు ఉంది. ఎనిమిదేళ్ల క్రితం, నా ఇరవై ఒకటో ఏట వేయించుకున్నాను. నల్లని అక్షరాలలో ఒక పేరు, దాని చుట్టూ ఆకుపచ్చ తీగ, ఆ తీగకు మూడు ఎర్ర పువ్వులు ఉన్నాయి. ఆ పేరుతో నాకు ఇప్పుడు ఏ సంబంధమూ లేదు. చేయి కడుక్కునే ప్రతిసారీ అది కంటపడుతుంది. ఎవరైనా "ఎవరి పేరు?" అని అడిగితే నోరు పెగలదు.

నాలుగు నెలల తరువాత కొత్త ఉద్యోగంలో చేరబోతున్నాను. ఆలోపు చేయి మామూలుగా కనిపించాలని నా కోరిక. నాది చామనఛాయ. క్రీములు, లేజర్, శస్త్రచికిత్స, పాత బొమ్మ మీద కొత్త బొమ్మ వేయించుకోవడం అని తలో మాటా చెబుతున్నారు. మచ్చ పడకుండా పూర్తిగా పోయే దారి ఏదో అనుభవం ఉన్నవారూ, వైద్యం తెలిసినవారూ దయచేసి వివరంగా చెప్పండి.

పాతసిరా

తొలకరి గారూ, ముందుగా మీ గడువు గురించే చెప్పాలి. నాలుగు నెలల్లో అది పూర్తిగా పోదు. నా భుజం మీద కేవలం నల్ల సిరాతో వేసిన బొమ్మ పోవడానికి తొమ్మిది సిట్టింగులు, రెండేళ్ల పైచిలుకు కాలం పట్టింది. మొదట్లో రెండు నెలలకొకటి చొప్పున చేశారు, చివరి మూడింటి మధ్య నాలుగేసి నెలలు ఆగమన్నారు.

ఒక సిట్టింగు ఎలా ఉంటుందో చెబితే మీకు ఉపయోగపడుతుంది. గంట ముందు మొద్దుబారే క్రీము రాసి, పైన పలుచని ప్లాస్టిక్ పొర చుట్టి కూర్చోబెట్టారు. తరువాత క్రీము తుడిచి, వెలుతురు చొరబడని అద్దాలు కళ్లకు పెట్టారు. లేజర్ తగిలిన ప్రతిచోటా టప్‌మని చిన్న చప్పుడు, నిప్పురవ్వ పడినట్లు చురుకు. అంతా నాలుగు నిమిషాలలో ముగిసింది. అద్దాలు తీసి చూసుకుంటే నల్లగీతలన్నీ సుద్దముక్కతో దిద్దినట్లు తెల్లగా ఉన్నాయి. బొమ్మ పోయిందనే అనుకున్నాను. పావుగంట గడిచేసరికి ఆ తెలుపు చెదిరిపోయి, కింద నుంచి నలుపు ఎప్పటిలాగే బయటపడింది. మరునాటికి నీటిబొబ్బలు లేచాయి, పన్నెండో రోజుకు చెక్కు కట్టి రాలింది. అప్పటికీ తేడా ఏమీ కనిపించలేదు. అసలు మార్పు ఆరో వారంలో తెలిసింది. బొగ్గుతో గీసిన గీతను వేలితో రుద్దితే ఎలా చెదురుతుందో, గీతల అంచులు అలా మసకబారాయి.

ఇప్పుడు ఆ చోట సిరా లేదు. ఏటవాలు వెలుతురులో చూస్తే మాత్రం చుట్టూ ఉన్న చర్మం కన్నా కాస్త లేతరంగులో పాత బొమ్మ ఆనవాలు కనిపిస్తుంది. నాకు దానితో ఇబ్బంది లేదు, కానీ "ఏ గుర్తూ మిగలదు" అని ఎవరైనా మీకు హామీ ఇస్తే నమ్మవద్దు.

చర్మరక్ష

నేను చర్మవైద్యురాలిని. చేయి చూడకుండా ఎవరికీ చికిత్స నిర్ణయించలేను కనుక, ఇక్కడ రాసేదంతా మీరు మీ వైద్యుల దగ్గర సరైన ప్రశ్నలు అడగడానికి పనికివచ్చే సమాచారంగా తీసుకోండి.

పచ్చబొట్టు ఎందుకు చెరగదో తెలిస్తే మిగతావన్నీ తేలికగా అర్థమవుతాయి. సూది సిరాను పైచర్మంలో వదలదు, దాని దిగువన ఉండే డెర్మిస్ అనే పొరలో వదులుతుంది. పైచర్మం కొన్ని వారాలకొకసారి రాలిపోయి కొత్తది వస్తుంది కాబట్టి సిరా అక్కడే ఉండి ఉంటే తనంతట తానే పోయేది. డెర్మిస్‌లో మాక్రోఫేజులనే రక్షక కణాలు ఆ రేణువులను బయటివస్తువులుగా గుర్తించి మింగుతాయి, కానీ అరిగించుకోలేవు, అలాగే కడుపులో పెట్టుకుని ఉండిపోతాయి. ఆ కణం చనిపోతే సిరా బయటపడుతుంది, అంతలోనే పక్కకు వచ్చిన కొత్త కణం దానిని మళ్లీ మింగుతుంది. ఫ్రాన్సులో ఎలుకల మీద చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో ఈ చేతులు మారే క్రమం స్పష్టంగా కనిపించింది. కణాలు మారుతున్నా బొమ్మ మారకపోవడానికి కారణం ఇదే.

లేజర్ పని ఆ రేణువులను పగలగొట్టడం మాత్రమే. లక్ష్యంగా ఉన్న రంగు ఏ కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుందో ఆ కాంతినే, చుట్టుపక్కలకు వేడి పాకేలోపు ముగిసేంత చిన్న విరుపుగా (పల్స్‌గా) పంపితే, పక్క కణజాలం కాలకుండా లక్ష్యం ఒక్కటే దెబ్బతింటుందని 1983లో ఆండర్సన్, పారిష్ అనే అమెరికన్ పరిశోధకులు సిద్ధాంతీకరించారు. ఈనాటి యంత్రాలన్నీ ఆ సూత్రం మీదే పనిచేస్తాయి. క్యూ-స్విచ్డ్ లేజర్ విరుపు నానోసెకనులలో, అంటే సెకనులో వందకోట్లో వంతులలో ఉంటుంది. పికో లేజర్ విరుపు అంతకన్నా ఎన్నో రెట్లు చిన్నది. పగిలిన ముక్కలను మోసుకుపోయేది మీ శరీరమే. కొంత శోషరస నాళాల ద్వారా వెళ్లి శోషరస గ్రంథులలో చేరుతుంది, మిగిలినదానిని కొత్త కణాలు మళ్లీ మింగుతాయి. సిట్టింగుల మధ్య వారాలు ఊరికే గడపడం లేదు, చికిత్సలో ఎక్కువ భాగం ఆ వారాలలోనే జరుగుతుంది. పాతసిరా గారు ఆరో వారంలో చూసిన మార్పు అదే.

ఇక మీ రంగుల సంగతి. నలుపుకు 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి వాడతారు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ దానిని తక్కువగా పీల్చుకుంటుంది కనుక చామనఛాయకూ నలుపు ఛాయకూ అదే అన్నిటికన్నా క్షేమమైనది. ఎరుపుకు 532, ఆకుపచ్చకు 694 లేదా 755 నానోమీటర్లు కావాలి. ఈ మూడింటినీ మెలనిన్ బాగా పీల్చుకుంటుంది. అందువల్ల మీ ఛాయలో తెల్లమచ్చలు గానీ, నల్లమచ్చలు గానీ మిగిలే ప్రమాదం పెరుగుతుంది. అక్షరాలు ముందుగానూ, తీగ చివరగానూ పోవచ్చు. తీగ ఛాయ కొంత మిగిలిపోనూవచ్చు.

ఎన్ని సిట్టింగులన్నదానికి ఒక అంచనా చెబుతాను. ఇటలీలో క్యూ-స్విచ్డ్ లేజర్‌తో చికిత్స పొందిన 352 మందిని గమనించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, పది సిట్టింగులకు 47.2 శాతం మందికి, పదిహేను సిట్టింగులకు 74.8 శాతం మందికి పచ్చబొట్టు విజయవంతంగా తొలగింది. పొగతాగేవారిలో, కాళ్ల మీద ఉన్నవాటిలో, పెద్దవాటిలో, నలుపు ఎరుపు కాని రంగులలో, ఎనిమిది వారాలు లేదా అంతకన్నా తక్కువ ఎడంతో చికిత్స చేయించుకున్నవారిలో ఫలితం తగ్గింది. మీకు పొగతాగే అలవాటు ఉంటే, అది మానడం మంచిది.

గోరువంక

చర్మరక్ష గారూ, ఇంత ఓపికగా రాసినందుకు ధన్యవాదాలు. నాకు జరిగినది ఇక్కడ చెప్పడం నా బాధ్యత అనిపిస్తోంది.

నా మణికట్టు మీది చిన్న బొమ్మను తీయించుకోవడానికి ఒక సౌందర్య కేంద్రానికి వెళ్లాను. అక్కడ వైద్యులు ఎవరూ లేరు. "ఇది కూడా లేజరే" అంటూ అవాంఛిత రోమాలకు వాడే కాంతి యంత్రాన్ని నా చేతికి ఆనించారు. నొప్పి భరించలేక చేయి లాగేసుకున్నాను. అప్పటికే మూడుచోట్ల కాలింది. ఆ యంత్రం మూతి ఏ ఆకారంలో ఉందో ఆ ఆకారంలోనే, అంచులతో సహా, మూడు దీర్ఘచతురస్రాలు ఈనాటికీ నా మణికట్టు మీద ఉన్నాయి. వాటి మధ్యలో పచ్చబొట్టు చెక్కుచెదరకుండా ఉంది. తరువాత భయపడి లేజర్ మాటే ఎత్తలేదు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికే క్రీముల గురించి చదువుతున్నాను. ఇంట్లోనే నెమ్మదిగా పోగొట్టుకోవచ్చునంటున్నారు. వాటిలో నిజమెంత?

చర్మరక్ష

గోరువంక గారూ, మీకు జరిగినది చదివి చాలా బాధ కలిగింది. రోమాలు తొలగించే ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్డ్ లైట్) యంత్రం కాంతి విరుపు మిల్లీసెకనులలో ఉంటుంది. సిరా రేణువును పగలగొట్టడానికి కావలసిన దానికన్నా అది లక్షల రెట్లు పొడవు. అంతసేపటిలో రేణువు పగలదు, వేడెక్కి చుట్టూ ఉన్న చర్మాన్ని కాలుస్తుంది. పచ్చబొట్టు మీద దానిని వాడనే కూడదు. ఎక్కడికి వెళ్లినా "ఇది క్యూ-స్విచ్డా, పికోనా, ఏయే తరంగదైర్ఘ్యాలు ఉన్నాయి, నా వంటి ఛాయ ఉన్నవారికి ఎంతమందికి చేశారు?" అని అడగండి. ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి.

క్రీముల విషయంలో నా మాట ఖచ్చితంగా "వద్దు". పైచర్మం దాటి, డెర్మిస్‌లోని కణం లోపల ఉన్న సిరాను పైపూతగా రాసిన క్రీము చేరలేదు. చేరే శక్తి ఉన్నవి ఆమ్లాలే. అవి సిరాను ఎంచుకుని తీయవు, దారిలో ఉన్న చర్మాన్నంతా తింటాయి. కొన్నింటిలో ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం ఉంటుంది. దానిని ఇంట్లో వాడి, లోతైన పుండ్లతో వచ్చినవారికి నేను చికిత్స చేశాను. పచ్చబొట్టు తొలగించే క్రీము ఒక్కదానికీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లేదు.

ఉప్పుతో రుద్దడం గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను. అది ఎంతో పాత పద్ధతి, ఆరో శతాబ్దపు గ్రీకు వైద్యుడు ఏటియస్ రాతలలోనే కనిపిస్తుంది. చర్మాన్ని ఒరిపి పుండు చేసి, ఆ పుండుతోపాటు సిరాను బయటికి రప్పించడమే అందులోని కిటుకు. ఆసుపత్రిలో యంత్రంతో చేసే డెర్మాబ్రేషన్ సూత్రమూ అదే. లేజర్ వచ్చాక ఈ పద్ధతులు వెనకబడడానికి కారణం, సిరా పోయినచోట మచ్చ మిగలడమే.

నిప్పురవ్వ

పికో లేజర్‌తో రెండు మూడు సిట్టింగులలోనే పూర్తవుతుందని ప్రకటనలు చూశాను. ఒకే రోజు నాలుగుసార్లు లేజర్ కొట్టించుకుంటే ఇంకా త్వరగా పోతుందని కూడా విన్నాను. తొలకరి గారికి గడువు ఉంది కదా, ఈ రెండూ కలిపి ప్రయత్నించకూడదా?

చర్మరక్ష

పికో లేజర్లు 2012 చివరి నుంచి వాడుకలోకి వచ్చాయి. ఆకుపచ్చ, నీలం రంగుల మీద వాటి ప్రయోజనం నిజమైనదే. సిట్టింగులు కొన్ని తగ్గవచ్చు. కానీ అరచేయంత బహువర్ణ పచ్చబొట్టు రెండు సిట్టింగులలో పోతుందని నేను ఎవరికీ చెప్పను.

ఒకే రోజు ఇరవై నిమిషాల ఎడంతో నాలుగుసార్లు చేసే పద్ధతిని 2012లో ప్రతిపాదించారు. పాతసిరా గారు చెప్పిన సుద్దరంగు తెలుపు నిజానికి చర్మంలో పుట్టిన సూక్ష్మమైన వాయు బుడగలు. అవి ఉన్నంతసేపూ కాంతి లోపలికి దిగదు, అందుకే అవి పోయేవరకు ఆగి మళ్లీ కొడతారు. ఆ తెలుపును త్వరగా పోగొట్టే పెర్‌ఫ్లోరోడెకాలిన్ పట్టీలు కూడా ఉన్నాయి. లేతఛాయ ఉన్నవారిలో కొందరికి ఇది ఉపయోగపడింది. చామనఛాయలో మెలనిన్ ఎక్కువ కనుక, ఒకే రోజు అంత శక్తి పడితే మచ్చ పడే అవకాశం పెరుగుతుంది. పైగా, ముక్కలను మోసుకుపోయే పనికి శరీరం తీసుకునే సమయాన్ని ఏ యంత్రమూ తగ్గించలేదు.

సూదిమొన

నేను పచ్చబొట్లు వేసే పనిలో ఉన్నాను. కప్పించుకోవడం గురించి నాకు తెలిసినది చెబుతాను.

చర్మంలోని సిరా గోడ మీది రంగు లాంటిది కాదు, పాతదీ, దాని మీద వేసిన కొత్త రంగూ రెండూ కలిసి కనిపిస్తాయి. నల్లని అక్షరాల మీద లేతరంగు ఎంత వేసినా అక్షరాలు తొంగిచూస్తాయి. అందువల్ల కప్పే బొమ్మ పాతదానికన్నా బాగా పెద్దదిగా, ముదురుగా ఉండాలి. అరచేయంత బొమ్మను కప్పాలంటే ముంజేయి దాదాపు అంతా నిండుతుంది. పచ్చబొట్టే వద్దనుకునేవారికి అది సమాధానం కాదు. బొమ్మ మారితే చాలుననుకునేవారికి మాత్రం, ముందు రెండు మూడు లేజర్ సిట్టింగులతో నలుపును పలుచన చేయించుకుని, చర్మం పూర్తిగా మానాక రమ్మని చెబుతాను. అప్పుడు చిన్న బొమ్మతోనూ, లేత రంగులతోనూ పని జరుగుతుంది.

ఒక్కటి మాత్రం చేయించుకోవద్దు. చర్మం రంగు సిరాతోనో, తెల్ల సిరాతోనో పాత అక్షరాలను పూడ్చేస్తామని కొందరు అంటారు. కొన్ని నెలలకే అది మురికి పసుపుగా మారడం నేను చాలా చేతుల మీద చూశాను.

ముంగురులు

సూదిమొన గారి చివరి మాటకు నాదొక అనుభవం జోడిస్తాను. నా కనుబొమలకు గోధుమరంగు శాశ్వత అలంకరణ చేయించుకున్నాను. ఆకారం నచ్చక లేజర్‌కు వెళితే, ఆ వైద్యుడు ముందుగా కుడి కనుబొమ కొసన, వెంట్రుకల చాటున, గింజంత చోట మాత్రమే కొట్టి చూశారు. ఆ చుక్క క్షణంలో బూడిద కలిసిన నలుపుగా మారింది. మొత్తం కనుబొమ మీద కొట్టి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

చర్మరక్ష

ముంగురులు గారి వైద్యుడు సరైన పని చేశారు. గోధుమ, చర్మవర్ణ సిరాలలో ఐరన్ ఆక్సైడు, తెల్ల సిరాలో టైటానియం డయాక్సైడు ఉంటాయి. లేజర్ శక్తికి వాటి రసాయన స్థితి మారి అక్కడికక్కడే నల్లబడతాయి. ఆ నలుపును తరువాత 1064తో తీయవచ్చు గానీ అది మరో సుదీర్ఘ ప్రయాణం. పెదవులు, కనుబొమలు, లేత గులాబీ రంగులు ఉన్న బొమ్మలు, వీటన్నిటికీ ముందుగా చిన్నచోట పరీక్ష తప్పనిసరి.

వెన్నెల_బాట

శస్త్రచికిత్స గురించి ఎవరూ రాయలేదు. నా పైచేతి మీద బొటనవేలి గోరంత నక్షత్రం ఉండేది. చర్మానికి మత్తు ఇచ్చి, నక్షత్రం చుట్టూ బాదంగింజ ఆకారంలో కోసి తీసి, అంచులు దగ్గరకు లాగి కుట్లు వేశారు. గంటలోపు ముగిసింది. పన్నెండు రోజులకు కుట్లు విప్పారు. పచ్చబొట్టు ఆ రోజుతోనే పోయింది. దాని బదులు రెండు అంగుళాల సన్నని గీత ఉంది. మొదటి ఆరునెలలు ఎర్రగా ఉండి, ఇప్పుడు తెల్లబడింది. గీత బొమ్మకన్నా పొడవుగా ఎందుకుందని అడిగితే, గుండ్రంగా కోసి కుడితే రెండు కొసలలోనూ చర్మం ముడుచుకుని లేస్తుందని చెప్పారు.

మీ బొమ్మ అరచేయంత కనుక ఒక్కసారిగా తీయడం కుదరదు. కొన్ని నెలల ఎడంతో విడతలుగా కోస్తారు, లేదా చర్మాన్ని సాగదీసి చోటు కల్పిస్తారు. కోరిన రోజుకు కచ్చితంగా పోవాలంటే, బొమ్మ చిన్నదైతే, నా ఓటు కోతకే.

తొలకరి

ఇన్ని వివరాలు ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక రెండు సంగతులు చెప్పాలనిపించింది. మొదటిది, నాలుగేళ్ల క్రితం చెవి పైభాగంలో కుట్టించుకున్నచోట ఒక గడ్డలా లేచి, కుట్టిన రంధ్రంకన్నా పెద్దదై, ఇప్పటికీ అలాగే ఉంది. రెండోది, ఎండలో తిరిగిన రోజున ఎర్ర పువ్వులు మూడూ ఉబ్బి దురద పెడతాయి. అక్షరాలూ తీగా మామూలుగానే ఉంటాయి. కళ్లు మూసుకుని వేలితో తడిమినా పువ్వులు ఎక్కడున్నాయో చెప్పగలను. ఇన్నాళ్లూ ఈ రెండింటికీ పచ్చబొట్టు తీయించడానికీ సంబంధం ఉందని అనుకోలేదు.

చర్మరక్ష

తొలకరి గారూ, ఈ రెండింటికీ చాలా సంబంధం ఉంది. వైద్యులు అడగకపోయినా మీరే చెప్పాలి.

చెవి దగ్గర గాయం హద్దు దాటి పెరిగిన గడ్డ కెలాయిడ్ కావచ్చు. అలాంటి తత్వం ఉన్నవారికి కోత, ఒరిపిడి, ఆమ్లం వంటివి పచ్చబొట్టుకన్నా పెద్ద మచ్చను తెచ్చిపెట్టగలవు. వెన్నెల_బాట గారికి మేలు చేసిన పద్ధతే మీకు కీడు చేయవచ్చు. లేజర్ కూడా తక్కువ శక్తితో, ఒక మూల పరీక్షించి, రెండు మూడు నెలలు గమనించాకే కొనసాగించాలి.

ఎర్ర పువ్వుల విషయం ఇంకా ముఖ్యం. పచ్చబొట్టు రంగులలో అలర్జీ ఎక్కువగా తెచ్చేది ఎరుపే. ఒకప్పుడు అందులో పాదరసపు సమ్మేళనం ఉండేది, ఇప్పుడు ఎక్కువగా ఆజో అనే కృత్రిమ రంగులు వాడుతున్నారు. ఎండకు ఉబ్బడం, తడిమితే తెలియడం అలర్జీ వైపే వేలు చూపుతున్నాయి. ఈ స్థితిలో సిరాను పగలగొట్టే లేజర్ వాడితే, ఇంతవరకు ఒకచోట బందీగా ఉన్న పదార్థం ముక్కలై శరీరమంతటికీ చేరి, ఒళ్లంతా దద్దుర్లు లేవవచ్చు. అరుదుగా ఊపిరి ఆడని పరిస్థితి కూడా రావచ్చు. అందుచేత ముందు ఆ పువ్వులను చర్మవైద్యులకు చూపించి, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్ష చేయించండి. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. తొలగించాలంటే సిరాను చెదరగొట్టకుండా చర్మాన్ని పొరలుగా ఆవిరి చేసే లేజర్ ఉంది. మీ విషయంలో కెలాయిడ్ అనుమానం కూడా ఉంది కనుక దానినీ ఎంతో జాగ్రత్తగా తూచి నిర్ణయించాలి. పువ్వులను అలాగే ఉంచేయడం కూడా ఒక గౌరవనీయమైన నిర్ణయమే.

ఇది చదివే మిగిలినవారికి మరో రెండు మాటలు. కీళ్లవాతానికి ఎప్పుడైనా బంగారపు లవణాల ఇంజెక్షన్లు తీసుకున్నవారు, ఎన్నేళ్లయినా సరే, ఆ సంగతి తప్పక చెప్పండి, లేజర్ తగిలినచోట చర్మం నీలిబూడిద రంగుకు తిరగవచ్చు. సిరా కింద పుట్టుమచ్చ ఉంటే దాని మీద లేజర్ పడకుండా వదిలేయమనండి.

తొలకరి

ఆరు వారాల తరువాత రాస్తున్నాను. చర్మవైద్యులను కలిశాను. చెవి గడ్డ కెలాయిడేనని నిర్ధారించారు. ఒక పువ్వు అంచు నుంచి బియ్యపు గింజంత ముక్క తీసి పరీక్షకు పంపితే అలర్జీ అని వచ్చింది. పువ్వులకు పూతమందు ఇచ్చారు, ఎండ తగలకుండా చూసుకోమన్నారు, వాటి మీద లేజర్ వద్దన్నారు.

అక్షరాలలో చివరిదాని తోకను మాత్రం, చిటికెన వేలి గోరంత మేర, 1064తో పరీక్షించారు. పాతసిరా గారు రాసినట్లే సుద్దరంగు వచ్చి పోయింది. బొబ్బ మానింది, ఇప్పటివరకు గడ్డ లేవలేదు. మూడు నెలలు చూసి, అప్పటికీ చర్మం చదునుగా ఉంటే మిగిలిన పేరు మొదలుపెడదామన్నారు. తీగ సంగతి తరువాత ఆలోచిస్తాం. ఉద్యోగంలో చేరేనాటికి పేరు అక్కడే ఉంటుంది కాబట్టి నిండుచేతుల చొక్కాలు కుట్టించుకున్నాను.

చర్మరక్ష గారూ, ఆ తోక రంగు ఇప్పుడే కొంచెం పలుచబడినట్లు నాకు అనిపిస్తోంది. మూడు వారాలకే ఇలా కనిపించడం సాధ్యమేనా?

చర్మరక్ష

సాధ్యమే. పైన కట్టిన చెక్కుతో పాటు కొంత సిరా బయటికి పోతుంది. కానీ కంటి అంచనా మీద ఆధారపడవద్దు. ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళలో, అదే దూరం నుంచి నెలకొక ఫోటో తీసి ఉంచండి. పరీక్షించిన చోట చర్మం గట్టిపడినా, దురద మొదలైనా మూడు నెలలు ఆగకుండా వెంటనే మీ వైద్యులకు చూపించండి.